ఎండకు పిచికారీ మందు: రైతునకు ఎంతవఱకు ఉపయోగము?

వేసవి పట్టణవాసికి నీడపట్టున కూర్చుండు కాలము. రైతునకు మాత్రము అది పనికాలము. మిరపకాయ కోత, కల్లములో ఆరబోత, పసుపు ఉడుకబెట్టుట, మామిడికాయ దింపుట, తునికాకు ఏరుట, చెఱువు పూడిక తీయుట, తొలకరికి ముందు దుక్కి దున్నుట, ఇవన్నియు ఎండ ముదురు దినములలోనే జరుగవలసియున్నవి. రోహిణి ఎండకు రోళ్ళు పగులునన్న సామెత నీడలో పుట్టినది కాదు, పొలములో పుట్టినది.

ఎండనుండి చర్మమును కాపాడు పిచికారీ డబ్బాలు, అనగా స్ప్రే సన్‌స్క్రీనులు, ఇటీవల పట్టణములను దాటి మండల కేంద్రములలోని మందుల దుకాణములకును, ఫ్యాన్సీ అంగళ్ళకును వచ్చినవి. చేతిలోని ఫోనులో వీని ప్రకటనలు చూచి మన యువకులును, యువతులును కొనుచున్నారు. పొలమునకు పోవువారు దినదినమును దీనిని వాడుట మంచిదా, సంఘపు అంగడిలో తెప్పించి సభ్యులకు సరసమైన వెలకు ఇచ్చుట యుక్తమా అని కొందఱు సభ్యులు మమ్ము అడిగిరి. సంఘపు సొమ్ము సభ్యుల సొమ్ము. దానితో తెప్పించు ప్రతి వస్తువునకును లెక్క చెప్పవలసియుండును. కావున ఒక డబ్బాను కొని, పదునైదు దినములు పొలము పనులలో వాడించి చూచితిమి. దానితోపాటు ఈ విషయమున నిశ్చయముగ తెలిసిన శాస్త్రసంగతులను కూర్చి ఇచట మనవి చేయుచున్నాము.

ఎండలో నున్నవి రెండు బాధలు

మనము ఎండ యని ఒకే పేరు పెట్టినను, అందు రెండు వేఱు వేఱు బాధలు కలవు. మొదటిది వేడిమి. ఇది ఒంటికి తెలియును, చెమట పట్టించును, మితిమీఱినచో వడదెబ్బ కొట్టును. రెండవది అతినీలలోహిత కిరణములవలని బాధ. ఈ కిరణములు కంటికి కనబడవు. ఒంటికి వేడిగను తోచవు. చల్లని గాలి వీచు ఉదయమున సైతము ఇవి తమ పని తాము చేయుచునే యుండును. పలుచని మబ్బు పట్టినను వీనిలో చాలభాగము నేలకు దిగివచ్చును.

ఈ కిరణములలో మనకు ముఖ్యమైనవి రెండు తెగలు. యు.వి.బి. యనునది చర్మము పైపొరను కాల్చి ఎఱ్ఱబఱచును. యు.వి.ఎ. యనునది ఇంకను లోతునకు పోయి చర్మమును నల్లబఱచుటయేగాక, కాలక్రమమున ముడుతలు పడునట్లు చేయును. ఇది మామూలు కిటికీ అద్దమును సైతము దాటి రాగలదు. రెండు తెగలును చర్మపు క్యాన్సరునకు కారణములు కాగలవు. కంటిలో శుక్లములు ఏర్పడుటకును తోడ్పడును.

మనవారి చర్మములోని నల్లని రంగుపదార్థము ఈ కిరణములను కొంతవఱకు తానే అడ్డగించును. అందువలననే తెల్లజాతులవారికి వచ్చినంత తఱచుగ మనవారికి చర్మపు క్యాన్సరు రాదు. అంతమాత్రమున మనకు ఏ హానియు లేదనరాదు. ఏండ్లతరబడి ఎండలో పనిచేసిన స్త్రీల చెక్కిళ్ళపై మంగు మచ్చలును, వృద్ధుల మెడపై మందమైన ముడుతలును, కంటిలో తెల్లగ్రుడ్డుపై పెరుగు కండయు మన యూళ్ళలో చూడనివారు లేరు.

కిరణముల తీవ్రతను కొలుచుటకు పరికరము అక్కఱలేదు. మన నీడ మనకంటె పొట్టిగ నున్నంతసేపు కిరణములు తీవ్రముగ నున్నవనియు, నీడ మనకంటె పొడుగైనపుడు తగ్గినవనియు గ్రహింపవచ్చును.

ఇచట ఒక్క మాట గట్టిగ గుర్తుంచుకొనవలెను. సన్‌స్క్రీను ఎట్టిదైనను రెండవ బాధనే తగ్గించును. మొదటి బాధయగు వేడిమిని అది ఆపదు. ఒంటినిండ పూసికొనినవానికి సైతము వడదెబ్బ తగులును. పిచికారీ కొట్టినపుడు చల్లగ నుండుట అందలి సారాయివంటి ద్రవము ఆవిరియగుటవలన కలుగు క్షణికమైన చలువయే గాని, ఎండనుండి రక్షణ కాదు. ఈ చల్లదనమును నమ్మి మిట్టమధ్యాహ్నము అదనముగ ఒక గంట పనిచేసినవాడు లాభము కోరి మూలధనమును పోగొట్టుకొనినవాడగును.

మందు పనిచేయు విధము

ఈ మందులలో కొన్ని రసాయనములు కిరణములను తమలో ఇముడ్చుకొని చర్మమునకు చేరనీయవు. జింక్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు అను ఖనిజపు పొడులతో చేసినవియు కలవు. డబ్బాపై ఎస్.పి.ఎఫ్. అని వ్రాసి ఒక అంకె వేయుదురు. మందు పూసిన చర్మము ఎఱ్ఱబాఱుటకు, పూయని చర్మముకంటె ఎన్ని రెట్లు కిరణములు కావలయునో ఆ అంకె తెల్పును. ఎస్.పి.ఎఫ్. 15 అయినచో యు.వి.బి. కిరణములలో నూటికి సుమారు 93 పాళ్ళును, 30 అయినచో 97 పాళ్ళును, 50 అయినచో 98 పాళ్ళును అడ్డగించును. 30 నుండి 50కి పోయినందువలన కలుగు అదనపు లాభము నూటికి ఒక్క పాలు మాత్రమే యని గమనింపవలెను. యు.వి.ఎ.నుండి కూడ రక్షణ కావలెనన్నచో బ్రాడ్ స్పెక్ట్రమ్ అను మాటగాని, పి.ఎ. అను అక్షరముల ప్రక్కన కూడిక గుర్తులుగాని డబ్బాపై నుండవలెను.

అయితే ఈ అంకెలన్నియు ఒక షరతునకు లోబడినవి. పరీక్షశాలలో చర్మము యొక్క ప్రతి చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాముల చొప్పున మందు పూసి ఈ అంకెను నిర్ణయింతురు. లోకములో జనులు పూసికొనునది సాధారణముగ ఇందులో సగమునకు మించదు. పురుగుమందు విషయమున రైతునకు ఇది తెలిసిన సంగతియే. ఎకరమునకు చెప్పిన మోతాదులో సగము కొట్టి, పురుగు చావలేదని మందును నిందించుట న్యాయము కాదు. ఇచటను అట్లే. 50 అని వ్రాసిన మందును సగము పూసినచో ఆ 50 మనకు దక్కదు. దక్కునది అంతకంటె చాల తక్కువ. అదియుగాక ప్రతి రెండుగంటలకు ఒకమాఱును, చెమట ఎక్కువ పట్టినను, తుడిచికొనినను ఆ వెంటనేయు, మరల పూయవలసియుండును.

డబ్బా పుట్టుపూర్వము

నొక్కగనే తుంపరలు చిమ్ము ఈ డబ్బా చరిత్ర కొంత వింతయైనది. నార్వే దేశస్థుడగు ఎరిక్ రోథైమ్ 1920ల దశకముననే ఇట్టి డబ్బాకు పేటెంటు పొందెను. కాని దానిని విరివిగ వాడుకకు తెచ్చినది అమెరికా వ్యవసాయశాఖ. అందలి శాస్త్రజ్ఞులు లైల్ గుడ్‌హ్యూ, విలియం సల్లివన్ అనువారు రెండవ ప్రపంచయుద్ధకాలమున, మలేరియా దోమలనుండి సైనికులను కాపాడుటకై క్రిమిసంహారక మందును ద్రవీకృత వాయువుతో చిమ్ము డబ్బాను సిద్ధపఱచిరి. దానికి 1943లో పేటెంటు లభించెను. అనగా నేడు అందముకొఱకు అమ్ముచున్న ఈ పిచికారీ మొదట పురుగుమందు పిచికారీయే.

యుద్ధానంతరము చాలకాలము ఈ డబ్బాలలో క్లోరోఫ్లోరోకార్బనులు అను వాయువులను వాడిరి. అవి ఆకాశమున పైకి పోయి ఓజోను పొరను పలుచబఱచుచున్నవని తేలెను. ఆ ఓజోను పొరయే అతినీలలోహిత కిరణములలో మిక్కిలి హానికరమైన వానిని వడకట్టునది! కావున 1987లో కుదిరిన మాంట్రియల్ ఒడంబడికననుసరించి ప్రపంచదేశములు ఆ వాయువులను క్రమముగ మానివేసినవి. వాని స్థానమున నేటి డబ్బాలలో తఱచుగ వాడునవి బ్యూటేను, ఐసోబ్యూటేను, ప్రొపేను. ఇవి మన వంటయింటి గ్యాసు సిలిండరులో నుండు జాతి వాయువులే. ఈ సంగతిని ముందు చెప్పబోవు ప్రమాదములకొఱకు గుర్తుంచుకొనుడు. వాయువు లేకుండ చేతితో నొక్కు పంపు సీసాలును కలవు. వానికి ఈ వాయువు భయము లేదుగాని సారాయి అంశముండవచ్చును.

పొలములో మేము చూచినది

మేము కొనిన డబ్బాను మిరపకోతకు పోవు స్త్రీలకును, మామిడితోటలో కాయ దింపు పురుషులకును, ట్రాక్టరు నడుపువారికిని ఇచ్చి చూచితిమి.

ఇంటిలో గాలి లేనిచోట వాడినపుడు అది సుఖముగనే యున్నది. జిడ్డు లేదు, త్వరగ ఆఱినది, మెడవెనుకకును, మోచేతి వెనుకకును సులభముగ చేరినది. పూతమందు జిడ్డుగ నుండునని దానిని విడిచిపెట్టినవారు సైతము దీనిని మెచ్చుకొనిరి. ఈ గుణమును దాచవలసిన పని లేదు.

గట్టుమీద నిలిచి వాడినపుడు సంగతి మాఱినది. పడమటి గాలి వీచుచుండగా చేతికి జానెడు దూరమునుండి కొట్టిన తుంపరలో చాలభాగము చేతిమీద పడక ఎగిరిపోయెను. చేతి వెనుక నల్లగుడ్డ పట్టి చూడగా మందు చర్మముకంటె గుడ్డమీదనే అధికముగ కనబడెను. గాలికి ఎదురుగ మందు కొట్టరాదని తెలియని రైతు లేడు. చేనికి చెల్లు సూత్రము చేతికిని చెల్లును. బెత్తెడు దూరములో పట్టి కొట్టినపుడు నష్టము తగ్గినది. అయినను మందు పడినచోటు, పడనిచోటు కంటికి భేదము తెలియలేదు. పూతమందు చేతిలో పోసికొనినపుడు ఎంత తీసికొంటిమో కనబడును. పిచికారీలో అది కనబడదు. కొట్టిన పిదప చేతితో రుద్దినగాని సమముగ పరచుకొనదు.

మిరపచేనిలో ఒక గంట గడచునప్పటికి చెమటయు, దుమ్మును కలిసి మొగమునకు పట్టినవి. ప్రతివారును కొంగుతోనో తుండుగుడ్డతోనో తుడిచికొనిరి. ఆ తుడుపుతో మందును పోయెను. ఇద్దఱికి చెమటతో మందు కంటిలోనికి దిగి మంట పుట్టినది. మిరపకాయ కోసిన చేతితో మరల మొగమునకు మందు రుద్దుట యెట్లని వారు అడిగిన ప్రశ్నకు సమాధానము లేదు. చేతులు కడుగుకొనుటకు నీరు, సబ్బు, తీరిక అన్నియు కావలెను. కోత కూలి బస్తాల లెక్కన వచ్చునపుడు ఆ తీరిక ఎవరిచ్చెదరు?

కోతకు వచ్చిన స్త్రీలు చీరపై మగవారి పాత చొక్కాలను, నిండు చేతులవానిని తొడుగుకొని, తలకు తువాలు చుట్టుకొని యుండిరి. వారిలో పెద్దామె యొకతె డబ్బాను త్రిప్పి చూచి, “ఈ చొక్కా పొద్దున తొడిగితే పొద్దుగూకేదాకా ఉంటది నాయనా. దీనికి రెండు గంటలకోసారి పూత ఎందుకు?” అనెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దానిలో ముఖ్యభాగము ఆమె మాటలోనే యున్నది.

వెల లెక్క

మొగము, మెడ, మోచేతుల క్రింది భాగము, అరచేతుల వెనుక, పాదముల పైభాగము కలిపి ఎండకు తెఱచియుండు చర్మము సుమారు 3,000 చదరపు సెంటీమీటర్లనుకొందము. చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కమాఱునకు 6 గ్రాముల మందు కావలెను. ఉదయము 8 గంటలు మొదలు రెండుగంటలకొక మాఱు చొప్పున 8, 10, 12, 2 గంటలకు నాలుగుమార్లు పూయవలెను. దినమునకు 24 గ్రాములు. 100 గ్రాముల మందు నాలుగు దినములకు సరిపోవును. పిచికారీలో వాయువు పోగా, గాలికి ఎగిరినది పోగా, ఆ నాలుగు దినములును రావు.

లెక్కకొఱకు డబ్బా వెల 500 రూపాయలనుకొనిన, నెలకు 25 పనిదినములకు 600 గ్రాములు, అనగా తక్కువలో తక్కువ ఆఱు డబ్బాలు, 3,000 రూపాయలు. భార్యాభర్తలిద్దఱును పొలమునకు పోవు కుటుంబమునకు నెలకు 6,000. వేసవి మూడు నెలలకు 18,000. ఒక డబ్బాను వేసవియంతయు దాచుకొని వాడుచున్నామని చెప్పువారు మందు వాడుటలేదు. మందు వాడుచున్నామను ధైర్యమును మాత్రము కొనుచున్నారు. ఆ వట్టి ధైర్యమే మిక్కిలి హాని చేయునది. ఏలయన, దానిని నమ్మి తలగుడ్డ తీసివేయుదురు. చేతుల చొక్కా మానివేయుదురు.

ప్రమాదములు

నిప్పు: వాయువును, సారాయియు రెండును మండునవి. మందు కొట్టుకొని అది పూర్తిగ ఆఱకముందే బీడీ వెలిగించుట, పొయ్యి దగ్గఱకు పోవుట, పసుపు ఉడుకు బానవద్ద నిలుచుట, మోళ్ళకు నిప్పు పెట్టుట, వెల్డింగు పని చేయుట కూడదు. పిచికారీ సన్‌స్క్రీను వాడినవారు మంట సమీపమున నుండి ఒళ్ళు కాల్చుకొనిన ఘటనలు అయిదు తన దృష్టికి వచ్చినవని అమెరికా ఆహారౌషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించినది. వారు మందు కొట్టుకొనుచుండగా కాలినవారు కారు. కొట్టుకొనిన పిదప మంట దగ్గఱకు పోయినవారు.

డబ్బా: 50 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిలో నుంచరాదని డబ్బాపైననే వ్రాసియుండును. ఎండలో నిలిపిన ట్రాక్టరు పెట్టె, మోటారు సైకిలు డిక్కీ, మూసిన కారు ఆ వేడిని సులభముగ దాటును. ఖాళీ డబ్బాను పొడువరాదు. చెత్తతో కలిపి కాల్చరాదు. పిల్లలకు ఆటవస్తువుగ ఇయ్యరాదు. పురుగుమందుల అలమరలో నుంచుట అన్నిటికంటె చెడ్డది.

ఊపిరి: మొగముపై సూటిగ కొట్టినచో తుంపర ముక్కులోనికి, నోటిలోనికి, కంటిలోనికి పోవును. మొగమునకు వాడదలచినవారు అరచేతిలో కొట్టుకొని రుద్దుకొనవలెను. ఉబ్బసము గలవారును, చిన్నపిల్లలును పిచికారీకి దూరముగ నుండవలెను.

కలుషితము: 2021లో అమెరికాలో కొన్ని పిచికారీ సన్‌స్క్రీనులలో బెంజీను అను క్యాన్సరుకారక పదార్థము కొలదిగ కనబడినందున, ఆ యేడు జులై నెలలో ఒక పెద్ద కంపెనీ తన డబ్బాలను అంగళ్ళనుండి వెనుకకు తెప్పించుకొనెను. బెంజీను సన్‌స్క్రీనులో కలుపు పదార్థము కాదు. తయారీలో కలుషితముగ చేరునది. కావున తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేది, పదార్థముల పట్టిక లేని డబ్బాను ఎంత చవుకయైనను తాకరాదు.

కలుపుమందు: ఇది రైతులు ప్రత్యేకముగ తెలిసికొనవలసినది. కొన్ని సన్‌స్క్రీను రసాయనములు తమతోపాటు ఇతర పదార్థములను చర్మము లోపలికి దాటించు గుణము కలవి. 2,4-డి అను కలుపుమందు ఎలుక చర్మములోనుండి దాటుటను అట్టి రసాయనములు అధికపఱచినవని 2004లో ప్రకటితమైన అమెరికా పరిశోధన తెల్పినది. ఎలుక చర్మము మనుష్య చర్మముతో సమానము కాకపోయినను, జాగ్రత్తకు ఇది చాలును. కలుపుమందు, పురుగుమందు కొట్టు దినమున సన్‌స్క్రీనును నమ్ముకొనక, నిండు చేతుల చొక్కా, లాగు, చేతితొడుగులు, కంటి అద్దములు, మొగమునకు మాస్కు ధరింపవలెను. పని ముగియగనే సబ్బుతో స్నానము చేయవలెను.

వయ్యారిభామ: మెడ, కనురెప్పలు, మోచేతి మడతలు ఎఱ్ఱబడి, దురదపెట్టి, తోలు మందమగుచుండగా కొందఱు దానిని ఎండదెబ్బ యనుకొని సన్‌స్క్రీను పూయుచున్నారు. వయ్యారిభామ కలుపుమొక్కయొక్క పొడి గాలిలో వచ్చి ఒంటికి తగిలినను ఇట్టి లక్షణములే కనబడును. దానికి ఈ మందు చికిత్స కాదు. చర్మవైద్యునికి చూపింపవలెను, పొలముచుట్టునున్న ఆ మొక్కలను పూతకు రాకముందే, చేతితొడుగులు వేసికొని పెఱికివేయవలెను.

ఎవరికి నిజముగ అవసరము

ఇంతమాత్రమున సన్‌స్క్రీను ఎవరికిని వలదని మా అభిప్రాయము కాదు. కొందఱికి అది అలంకారము కాదు, మందే. పుట్టుకతోనే చర్మమునకు, వెండ్రుకలకు రంగులేనివారు మన గ్రామములలోను కలరు. వారి చర్మమునకు సహజరక్షణ లేదు. చర్మపు క్యాన్సరు భయము వారికి మెండు. టాంజానియా దేశములోని మోషి పట్టణమున ఒక చర్మవైద్య శిక్షణకేంద్రమువద్ద ఇట్టివారికొఱకే స్థానికముగ సన్‌స్క్రీను తయారుచేసి పంచు ఏర్పాటు జరిగినది. బొల్లి మచ్చలు గలవారు, మంగు మచ్చలకు చికిత్స పొందువారు, ఎండ తగిలిన వెంటనే దద్దురులు వచ్చువారు కూడ వైద్యుని సలహాపై దీనిని వాడవలసినవారే. డాక్సీసైక్లిను వంటి మాత్రలును, రక్తపుపోటునకు ఇచ్చు హైడ్రోక్లోరోథయజైడు వంటి మాత్రలును వాడువారికి ఎండ త్వరగ పట్టును. వారు మాత్రలను తమంతట తాము మానరాదు; వైద్యుని అడిగి ఎండనుండి జాగ్రత్తపడవలెను.

ఇట్టివారికి పిచికారీకంటె పూతమందు మేలు. చూపుడువ్రేలు, నడిమివ్రేలు పొడవున రెండు చారలుగ తీసికొనిన మందు మొగమునకును మెడకును సరిపోవును. ఇంటినుండి బయలుదేఱుటకు పావుగంట ముందుగ పూసికొని, రెండుగంటలకొకమాఱు మరల పూయవలెను. చెవులను, మెడవెనుకను మఱువరాదు. ఆఱు నెలల లోపు శిశువులకు మందు పూయుటకంటె నీడయు, గుడ్డయు శ్రేష్ఠము.

గుడ్డ, నీడ, వేళ, నీరు

మిగిలిన మనకందఱకు మొదటి కవచము గుడ్డయే. అయితే గుడ్డలన్నియు సమానము కావు. పలుచని తెల్లని నూలు చొక్కా కిరణములలో సుమారు అయిదింట నుండి ఏడింట ఒకవంతును లోపలికి విడుచును. తడిసినచో ఇంకను ఎక్కువ విడుచును. దట్టముగ నేసిన గుడ్డయు, కొంత రంగుగల గుడ్డయు ఎక్కువ అడ్డగించును. దీపమువద్ద పట్టి చూచినపుడు వెలుతురు ధారాళముగ కనబడు గుడ్డ కిరణములకు గట్టి అడ్డు కాదు. వదులుగ, నిండు చేతులతో కుట్టించిన దట్టమైన నూలుచొక్కా గాలిని ఆడనిచ్చుచు చర్మమును కాపాడును. తలకు తుండుగుడ్డ మంచిదే గాని మొగమునకును, మెడకును నీడనీయదు. తాటాకు గిడుగుగాని, నాలుగువైపుల వెడల్పు అంచుగల టోపీగాని దానికంటె మేలు. ముందువైపు మాత్రమే అంచుగల టోపీ చెవులను, మెడను కాపాడదు.

గుడ్డ తరువాత వేళ. తెల్లవారుజామున పని మొదలిడి 11 గంటలకు ఆపి, 4 గంటల తరువాత తిరిగి చేసికొనుట మన తాతలు ఎఱిగిన పద్ధతి. ఈ యొక్క మార్పు కిరణములనుండియు, వేడినుండియు ఒక్కమాఱే కాపాడును. ఏ డబ్బాయు ఈ రెండు పనులు చేయజాలదు.

తరువాత నీరు. 2015వ సంవత్సరము మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. ఇట్టి ఎండలకు ముందు గుఱియగువారు వృద్ధులును, ఎండలో పనిచేయు కూలీలును. దాహము వేయువఱకు వేచియుండక అరగంటకొకమాఱు నీరు త్రాగవలెను. మజ్జిగ, ఉప్పు వేసిన గంజి మంచివి. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలిపి త్రాగవచ్చును. ఉప్పు ఎక్కువ కారాదు.

పనివానికి ఒళ్ళు కాలిపోవుచు, మాట తడబడుచు, స్పృహ తప్పుచున్నచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండ నీరు పోసి విసరవలెను. 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. బండి వచ్చువఱకు చల్లబఱచుట ఆపరాదు.

సంఘము చేయదగిన పని

పైని చెప్పిన కారణములచేత, పిచికారీ డబ్బాలను సంఘపు అంగడిలో నిలువచేయుట యుక్తము కాదని మా అభిప్రాయము. మండు వస్తువు, ఎరువులు, పురుగుమందులు, గోనెసంచులు ఉండు గోదాములో దీనికి తావు లేదు. సభ్యుని సొమ్మునకు తగిన రక్షణయు దీనివలన రాదు. తమ యిష్టముతో కొనుకొనువారిని మేము వారింపము. గాలిచాటున, నిప్పునకు దూరముగ, అరచేతిలో కొట్టుకొని రుద్దుకొనుడని మాత్రము చెప్పుదుము.

దీనికి మాఱుగ పాలకవర్గమువారు ఈ వేసవికి నాలుగు పనులు చేయవలసినదని కోరుచున్నాము. మొదటిది, దట్టమైన నూలుగుడ్డను చేనేత సహకార సంఘమునుండి టోకున తెప్పించి, నిండు చేతుల పనిచొక్కాలను స్త్రీలకు, పురుషులకు వేఱు వేఱు కొలతలలో కుట్టించి అసలు వెలకే ఇచ్చుట. రెండవది, అంచుగల టోపీలను, గిడుగులను, ఓ.ఆర్.ఎస్. పొట్లములను నిలువయుంచుట. మూడవది, సంఘపు కల్లములవద్ద పందిరియు, నీటికుండలును ఏర్పఱచుట. నాలుగవది, పుట్టుకతో చర్మమునకు రంగులేనివారు మొదలగు అవసరము గలవారి పేర్లు గోప్యముగ తెలిసికొని, వైద్యుడు వ్రాసిన పూతమందును మాత్రము వారికొఱకు తెప్పించుట. ఇట్టివారు ఊరికి ఒకరో ఇద్దఱో యుందురు. ఒక్కరైనను వారికొఱకు తెప్పించుటయే సహకారము.

సభ్యులు తమ అభిప్రాయములను రాబోవు సర్వసభ్యసభలో తెలుపవచ్చును. ఆలోపల కోతకు పోవువారు అలమరలో మడతపెట్టియున్న పాత నిండుచేతుల చొక్కాను వెదకి తీయుడు. బొత్తాములు ఊడియున్న కుట్టుకొనుడు. కూలీలను పిలుచు రైతులు పనికి ముందు నీటికుండను, నీడను సిద్ధముచేసి, ఆ తరువాతనే కొడవలి చేతికిచ్చెదరుగాక.